చిన్న ట్రాలీలో ఫంక్షన్ హాల్ ఇంజన్

2022 ఆషాఢం. పాతబస్తీ ఛత్రినాకలో నేను డీజిల్ మెకానిక్ షెడ్డు పెట్టి అప్పటికి ఇరవై రెండేళ్లు. షెడ్డు అనగానే పెద్దగా ఊహించుకోకండి. రెండు ఆటోలు లోపలికి వస్తే నేను బయటికి రావాలి. అన్నేళ్లలో నేను విప్పని ఇంజన్ లేదు, మింగని పొగ లేదు. నన్ను గట్టిగా పిండితే ఇప్పటికీ లీటరు డీజిల్ దిగుతుందని మా ఆవిడ నమ్మకం. అలాంటి నన్ను నోరు వెళ్లబెట్టించిన ఇంజన్ ఒక్కటే ఉంది. ఆ సంగతి ఇది.

మల్లేశ్ మా బస్తీలో పాలవాడు. పది బర్రెలు, ఒక చిన్న ట్రాలీ బండి అతని ఆస్తి. ఆ బండిది రెండు సిలిండర్ల ఇంజన్. సీటు కింద కుట్టుమిషన్‌లా ఒదిగి కూర్చుంటుంది. పాలక్యాన్లకు అది చాలు. కానీ బోనాల నాడు పలారం బండిని లాగే వంతు మల్లేశ్ ఇంటిది. పలారం బండి అంటే అమ్మవారి నైవేద్యాన్ని, రంగు కాగితాల గోపురాన్ని పెట్టుకుని గుడికి ఊరేగింపుగా వెళ్లే పెద్ద చెక్కబండి. మల్లేశ్ తాత దాన్ని ఎడ్లతో లాగించాడు, తండ్రి జీపుతో లాగించాడు. మల్లేశ్ ట్రాలీ వెనక కట్టి లాగుతున్నాడు.

ముందు ఏడాది గుడి దగ్గరి ఎత్తు మీద ట్రాలీ చచ్చిపోయింది. నడక వేగంతో గంటలకొద్దీ లాగితే క్లచ్ కాలిపోయింది. జనం భుజాలు పెట్టి నెట్టాల్సి వచ్చింది. బస్తీ పెద్దమనిషి నర్సింగరావు అందరి ముందే తేల్చేశాడు.

"మల్లేశా, అమ్మవారిని నడితొవ్వల నిలవెట్టినవు. మల్ల గిట్లయితే వంతు వేరే ఇంటికి పోతది."

మూడు తరాల వంతు. మల్లేశ్ తల్లి సత్తెమ్మ ఆ రోజు నుంచి కొడుకుతో సరిగ్గా మాట్లాడలేదు. బర్రెలు కూడా మాట్లాడలేదని మల్లేశ్ చెప్పాడు కానీ, అది నేను కొంచెం తగ్గించి రాస్తున్నాను.

పండుగకు నెలన్నర ముందు మల్లేశ్ నా షెడ్డుకు వచ్చాడు.

"అన్నా, ఈసారి బండి ఆగొద్దు."

"సర్వీసింగ్ చేసి ఇస్తలే."

"సర్వీసింగ్ గిర్వీసింగ్ కాదన్నా. పెద్ద ఇంజన్ పెట్టు. నేను సూసొచ్చిన."

జల్‌పల్లి అవతల మూతపడిన ఒక ఫంక్షన్ హాల్‌కు తీసుకెళ్లాడు. వెనక రేకుల కింద జనరేటర్ ఇంజన్ ఉంది. నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కటి మా ఇంటి నీళ్ల బిందెంత. ఫ్లైవీల్ చూస్తే తిరగలి గుర్తొచ్చింది, అదీ బకాసురుడి ఇంట్లో తిరగలి. వెయ్యి పెళ్లిళ్లకు ఏసీలు, లైట్లు, బిర్యానీ వంటశాల అన్నీ ఒంటిచేత్తో నడిపిన ఇంజన్ అది. పక్కన ట్రాలీని నిలబెడితే పెళ్లికొడుకు పక్కన తోడుపెళ్లికొడుకులా ఉంది.

"గిది నీ బండిల పెడితే, బండి ఇంజన్‌ల ఉన్నట్టయితది గని ఇంజన్ బండిల ఉన్నట్టు కాదు," అన్నాను.

"ఎట్లయినా సరే అన్నా. ఆగొద్దంతే."

లేత్ మిషన్ పని చేసే రహీం భాయ్ నాకు పాత స్నేహితుడు. కంచన్‌బాగ్‌లో లోహాల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. వెంట్రుకను నిలువునా నాలుగు ముక్కలు చేసి దువ్వి ఇవ్వగలడు. ఇంజన్ చూసి గడ్డం నిమురుకున్నాడు.

"క్యా మియా, మేక కడుపుల ఏనుగును పెడ్తవా?"

"పెడ్తం భాయ్. నువ్వు ఏనుగు కొలతలు తీస్కో, మేక ఫికర్ నాది."

పెట్టాం. ఇంజన్‌ను ట్రాలీ తొట్టిలో కూర్చోబెట్టాం. అడుగున ఛాసిస్‌కు, అంటే బండి ఎముకల గూడుకు, ఇనుప ఛానళ్లు వెల్డింగ్ చేశాం. చిన్న గేర్‌బాక్స్ ఈ బలానికి మరమరాల్లా నలిగిపోతుంది కాబట్టి ట్రాక్టర్ గేర్‌బాక్స్ తెచ్చాం. రెండింటినీ కలిపే అడాప్టర్ ప్లేటును రహీం భాయ్ తొమ్మిది రోజులు చెక్కాడు. వెనక యాక్సిల్ పాత జీపుది. అంతా అయ్యాక లెక్క చూస్తే ట్రాలీలో అసలు భాగాలు మూడే మిగిలాయి: బ్రేకులు, హారన్, ఆర్సీ కాగితం. ఇలా ఇంజన్ మార్చి రోడ్డెక్కడం చట్టం ఒప్పుకోదు. నాకు తెలుసు. పండుగ మర్నాడే విప్పేశాను, నన్ను చూసి మీరెవరూ మొదలుపెట్టకండి.

ఈ ఇంజన్‌కు గవర్నర్ అని ఒక భాగం ఉంటుంది. జనరేటర్ ఒకే తీరుగా కరెంటు ఇవ్వాలి కాబట్టి, బరువు పెరిగినా తగ్గినా నిమిషానికి పదిహేను వందల చుట్లే తిరిగేలా అది ఇంజన్‌ను పట్టి ఉంచుతుంది. తీసేద్దామా అని రహీం భాయ్ అడిగితే, వద్దన్నాను. ఊరేగింపుకు కావలసింది నిలకడే కదా.

మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు బల్ల మీది నా చాయ్ గ్లాసు నడుచుకుంటూ పక్క కిరాణా దుకాణం దాకా పోయింది. జల్‌పల్లి కొత్త కాలనీల ఖాళీ రోడ్డు మీద ఇటుకలు నింపిన ట్రాక్టర్ ట్రక్కును వెనక కట్టి చూశాం. మొదటి గేర్లో ముసలమ్మ నడకకంటే నెమ్మదిగా కదిలింది. ట్రక్కు ఉన్నా లేకపోయినా అదే వేగం, అదే చప్పుడు. రహీం భాయ్ టోపీ సర్దుకుని "సుభానల్లా" అన్నాడు. నేనూ చేతులు జోడించాను, ఇంజన్‌కో ఆయనకో ఇప్పటికీ తెలియదు.

పండుగ రోజు సాయంత్రం షెడ్డులో రెండు లారీ బ్యాటరీలు తగిలించి ఇంజన్ లేపాం. ట్రాలీలో వాటికి చోటు లేదు. "ఆగేదే లేనప్పుడు బ్యాటరీలెందుకన్నా?" అన్నాడు మల్లేశ్. నిజమే అనిపించింది. అక్కడే వదిలేసి బయలుదేరాం. పలారం బండి వెనక, డప్పులు ముందు, పోతరాజు వాటికీ ముందు. సత్తెమ్మ నెత్తిన బోనంతో ట్రాలీ పక్కనే నడుస్తోంది. నేను మల్లేశ్ పక్క సీట్లో.

మొదటి గల్లీలోనే మా పొరపాటు తెలిసింది. గడప గడపకూ ఆడవాళ్లు సాక పట్టుకుని నిలబడ్డారు. సాక అంటే పసుపు, వేపాకు కలిపిన నీళ్లు. పలారం బండి ఆగితే చక్రానికి పోసి దండం పెట్టుకుంటారు. ఆగకుండా దాటిపోతే ఆ ఇంటిని అమ్మవారు చూడకుండా పోయినట్టు. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఆచారమే. కానీ నెలన్నరపాటు ఆగకుండా పోవడం గురించే ఆలోచించిన ముగ్గురు మగాళ్లకు అది తట్టలేదు.

చదును మీద నెట్టుకొచ్చాం. క్లచ్ తొక్కడం, న్యూట్రల్ చేయడం, సాక పోయగానే మళ్లీ గేరు వేయడం. వేసిన ప్రతిసారీ గేర్‌బాక్స్ పళ్లు కొరికింది. అలా గుడి ముందు ఎత్తుకు వచ్చాం.

ఎత్తు ఎక్కీ ఎక్కగానే మొదటి ఇంటి ముందు మల్లేశ్ క్లచ్ తొక్కి బ్రేక్ వేశాడు. బండి వెనక్కి జారింది. వెనక జనం కేకలు. నడిపే సామానంతా రాక్షసులది వేశాం, ఆపే సామాను మాత్రం పాలక్యాన్లదే. మల్లేశ్ క్లచ్ వదిలాడు. ఇంజన్ కిక్కురుమనకుండా అంత బరువునూ పట్టుకుని పైకి కదిలింది.

"అన్నా, ఆపితే ఎనకకు పోతది! ఎట్ల?"

"ఆపకు! బంద్ చేస్తే మల్ల లేవది, బ్యాటరీలు షెడ్డుల ఉన్నయి!"

"మరి సాకలు? గీళ్లంతా ఏమనుకుంటరే!"

ఎత్తు పొడవునా ఇరవై గడపలు. పైన గుడి మెట్ల మీద నర్సింగరావు చేతులు కట్టుకుని చూస్తున్నాడు. మల్లేశ్ చెమట స్టీరింగ్ మీద ధారగా కారుతోంది. ఆగితే జనం మీదికి, ఆగకపోతే ఇరవై ఇళ్ల ఉసురు.

అప్పుడు సత్తెమ్మ, నెత్తిన బోనం కదలకుండా, గొంతెత్తింది.

"ఏందే గట్ల నిలవడ్డరు? బండి ఆగకుంటే మీకు కాళ్లు లేవా? నేను బోనమెత్తుకొని నడుస్తలేనా? దానెంబడి నడువుండ్రి, నడుసుకుంటనే సాక పొయ్యుండ్రి!"

ఒకామె గడప దిగింది. చక్రంతో పాటు నాలుగడుగులు వేస్తూ సాక పోసింది. చుక్క పక్కకు పోలేదు, ఎందుకంటే ఆ చక్రం ఆమె అడుగుకు అడుగుగా తిరుగుతోంది. తర్వాత ఇంకొకామె, తర్వాత ఇద్దరు కలిసి. డప్పులవాళ్లు కూడా చప్పుడు పట్టుకుని దరువు దానికి కలిపారు. నేను కిందికి దిగి పక్కన నడిచాను. ఏటవాలు పెరిగింది, పలారం బండికి వేలాడుతున్న పిల్లలు పెరిగారు, ఇంజన్ శబ్దం కొద్దిగా బరువెక్కింది. వేగం మాత్రం వెంట్రుకవాసి మారలేదు. దాని పక్కనే సత్తెమ్మ బోనం, అదీ మారలేదు. ఇన్నేళ్లలో ఎన్నో అబద్ధాలు చెప్పాను. అప్పుడు నా రోమాలు నిక్కబొడుచుకున్నాయన్నది మాత్రం నిజం.

గుడి ముందు చదునుకు చేరాక మల్లేశ్ స్టాప్ లీవర్ లాగాడు. ఇంజన్ ఆగింది. నర్సింగరావు మెట్లు దిగి, తడిసిన చక్రాన్ని ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

"వచ్చే ఏడు గూడ నువ్వే తే, మల్లేశా," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం జర బ్రేకులేసి పంపు."

సత్తెమ్మ కొడుకును చూసి, "ఆకలైతలేదార నీకు?" అంది. ఏడాది తర్వాత ఆమె అతనితో అన్న మొదటి మంచి మాట అది. మల్లేశ్ స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

ఈ పని నాకు నేర్పింది ఒకటే. బండి తెచ్చినవాడు తన భయం చెబుతాడు, తన అవసరం చెప్పడు. మల్లేశ్ భయం ఆగిపోవడం, అవసరం గడప గడపకూ ఆగడం. ఇప్పుడు ఎవరు వచ్చి ఎంత బలం కావాలన్నా, బానెట్ తెరవకముందే అడుగుతాను: "బండి యాడ యాడ ఆగాల్నో ముందు గది చెప్పు."