అల్లుడి పెట్టె, పెరట్లో మిరపనారు

“మోటారు కాలితే నా నారుమడికి నీళ్లెవరు పోస్తారో అడగవే మీ ఆయన్ని!”

“ఎదురుగానే ఉన్నారుగా, నువ్వే అడుగమ్మా.”

“బాగా నేర్చావు. అల్లుడితో ఎదురుపడి మాట్లాడతానా?”

“అయితే నా బుర్ర తినకు. ఏం కాదంటున్నారు.”

“ఆయనన్నారా, నువ్వంటున్నావా?”

నేను వంటింటి తలుపు చాటున, అల్లుడు వసారాలో, మధ్యలో ఏడో నెల కడుపుతో మా అమ్మాయి. డెబ్బైల్లో తిరువూరులో మా ఇళ్లల్లో అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడేది కాదు. ఆయన చేత చెంబెడు నీళ్లు తెప్పించుకోవడం కూడా తప్పే. ఏదున్నా అమ్మాయి నోటితోనే చెప్పించాలి. అది రెండు వైపులా మాటలకు తేనె పూసి అందించేది.

ఆ శ్రావణంలో గాలిదుమారానికి స్తంభాలు ఒరిగి కరెంటు పోయింది. వాన ఎ.కొండూరు మీద కురిసి, మా దాకా రాకుండానే పోయింది. మావారు పోయాక సేద్యం నాదే. చేనంతటికీ పెరట్లో పోసిన ఆ మిరపనారే దిక్కు. ఎండితే మళ్లీ విత్తే అదను లేదు. నూతిలో నీళ్లు లోతుకు పోయాయి. నడుము పట్టేసి నేను తోడలేను, అమ్మాయి తోడకూడదు, కూలీలంతా గంపలగూడెం వైపు నాట్లకు పోయారు.

భార్యను చూడవచ్చిన అల్లుడు ఒక పెట్టె తెచ్చాడు. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టరట. కాలేజీలో ఆయన పరిశోధన దాని మీదే. అక్కడ ఫ్యాను తిప్పి చూశాడు గానీ నీళ్ల మోటారు మీద ఇంకా చూడలేదు. పక్కింటి ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి, నూతి దగ్గరి చిన్న మోటారుకు తగిలిస్తానన్నాడు.

“బ్యాటరీ కరెంటు ఒకవైపే పోతుందమ్మా. మోటారుకు కవ్వం తాడులా అటూ ఇటూ లాగాలి,” అని అమ్మాయి నాకు విడమర్చింది. “పాత పెట్టెలు ఒక్కసారిగా గుంజుతాయి. అందుకే మోటారు మూలిగి వేడెక్కుతుంది. ఈయన కరెంటును ముక్కలు చేసి పంపిస్తారు. మొదట సన్న ముక్కలు, మధ్యలో వెడల్పువి, మళ్లీ సన్నవి. మెల్లగా మొదలుపెట్టి, బలంగా లాగి, మెల్లగా వదిలితే వెన్న రాదూ? అట్లా.”

“వెన్న సంగతి సరే, కుండ నాదిగా?”

అయినా నారు తలలు వాల్చేస్తుంటే ఎంతసేపని కాదంటాను? సాయంత్రం తగిలించాడు. మోటారు తుమ్మెదలా రొద చేసి తిరిగింది. గొట్టంలోంచి నీళ్లు పడ్డాయి. నాకు మాత్రం గుండె కుదుటపడలేదు. మోటారు మీద చెయ్యి వేసి అక్కడే నిలబడ్డాను. మడి పావు వంతు తడిసిందో లేదో, లక్క కాలిన వాసన వచ్చింది. అల్లుడు బ్యాటరీ తీగల మీదికి వంగి ఉన్నాడు.

“ఏమే, ఆపమనవే!” అని అరిచాను. అమ్మాయి నడుము వాల్చడానికి లోపలికి పోయింది, పలకలేదు. వాసన ముదిరింది. ఇంక ఎవరితో చెప్పించను?

“బాబూ, ఆపండి! ముందు ఆపండి!”

ఆయన ఉలిక్కిపడి తీగ పీకాడు. మోటారు తడిమి చూశాడు. పెట్టె మూత తీస్తే లోపల తీగచుట్ట నల్లగా మాడి ఉంది.

“మోటారు బాగానే ఉందండీ అత్తయ్యగారూ,” అన్నాడు తల ఎత్తకుండా. “పోయింది నా పెట్టె.”

ఎన్ని నెలలు కూర్చుని చేసుకున్నాడో. కొంగు సర్దుకుని లోపలికి వచ్చేశాను. మోటారు దక్కింది, కానీ ముప్పాతిక మడి పొడిగానే ఉంది. ఇంకో ఎండకు ఆగదని తెలుసు. ఆ రాత్రి కళ్లు మూస్తే వాలిన నారే కనిపించింది.

తెల్లవారినా కరెంటు రాలేదు. పెరట్లో గిలక చప్పుడైతే వెళ్లి చూశాను. అల్లుడు పంచె ఎగ్గట్టి నీళ్లు తోడుతున్నాడు.

“అయ్యో, లోపలికి రండి బాబూ. ఎవరన్నా చూస్తే అల్లుణ్ణి పాలేరును చేసిందంటారు.”

“అననివ్వండి. ఆ బిందె ఇలా జరపండి, ఎండెక్కుతోంది.”

జరిపాను. ఆయన తోడి గట్టు మీద పెడుతుంటే నేను చెంబుతో చల్లాను. ఎండ గోడ దిగేలోపు మడి చివరిదాకా తడిసింది. తర్వాత ఆయన కాఫీ తాగి, బ్యాటరీ పక్కింట్లో అప్పగించి, పెట్టెను గోనెసంచిలో చుట్టుకుని విజయవాడ బస్సెక్కాడు.