బుచ్చిరాజు గారి ముందస్తు ఏడుపు

బుచ్చిరాజు గారికి నాటకంలో విషాదం వచ్చేదాకా ఆగి ఏడ్చే ఓపిక లేదు. రాజోలులో కొబ్బరికాయల వ్యాపారం మానేశాక ఆయనకదే పని. కోనసీమలో ఎక్కడ ఏడుపు నాటకం వేసినా మూడు తువ్వాళ్ళతో వచ్చి ముందువరసలో కూర్చునేవారు.

సముద్రంలో కొడుకుని పోగొట్టుకున్న తల్లి వేషం వేసే భవానికి ఈ సంగతి తెలియదు. కాట్రేనికోనలో మొదటి రంగం. కొడుకింకా బయల్దేరనైనా లేదు, ఆమె అన్నం వడ్డిస్తోంది. "అయ్యో తల్లీ" అని కింద నుంచి ఒక ఘోష లేచింది. భవాని చేతిలో గరిటె జారిపడింది.

తెర వెనక్కి రాగానే, "ఎవరికన్నా ఏమన్నా అయ్యిందాండీ?" అని అడిగింది.

"ఏంలేదండీ. బుచ్చిరాజు గారు," అన్నాడు కొడుకు వేషం వేసే కుమారస్వామి. "అంతర్వేదిలో పెళ్ళిచూపుల సీనుకే ఏడ్చేసేరు. అదేంటండీ అంటే, పెళ్ళయ్యేక ఏమవుద్దో అన్నారు. ఒకసారైతే మైకబ్బాయి హలో అన్నా కళ్ళొత్తుకున్నారు."

ఓడలరేవులో ఆమె ఓపిక నశించింది. కొడుకు పడవెక్కుతుండగానే బుచ్చిరాజు గారు ఏడుపు అందుకున్నారు. భవాని డైలాగు ఆపి, గబగబా స్టేజీ దిగి, ఆయన ఎదురుగా నిలబడింది. జనం కొయ్యబారిపోయారు. పడవలో ఒక కాలు పెట్టిన కుమారస్వామి రెండోది ఎత్తడం మరిచిపోయాడు.

"మీరేడుస్తారా, నన్నేడవనిస్తారా బాబాయిగారూ?"

ఆయన మొహం మీంచి తువ్వాలు తీశారు. ఈసారి కొయ్యబారడం భవాని వంతయింది. ఆ కళ్ళలో చుక్క తడి లేదు.

"నా వెనక్కి చూడకండమ్మా," అన్నారాయన గుసగుసగా. "నా వెనకాల నూకాలమ్మని కూర్చోబెట్టేను. కొడుకు సముద్రంలో చేపల వేటకెళ్ళి ఏడాదయ్యింది, రాలేదు. ఇంట్లో ఏడిస్తే కోడలు బెంగపడుద్దని భయం. నలుగురిలో ఏడవాలంటే మొహమాటం. నా గోలలో అయితే కలిసిపోద్ది కదండీ."

"మరి కాట్రేనికోనలో?"

"అక్కడ ఇంకొకావిడండీ. నేను ముందునించీ మొదలెట్టకపోతే వాళ్ళకి ధైర్యం చాలదు."

భవాని స్టేజీ ఎక్కి, పడవ దగ్గర్నుంచి ఆట మళ్ళీ మొదలుపెట్టింది. కానివ్వండి అన్నట్టు ఆయనకేసి తలూపింది.

కొడుకు పోయిన కబురు వచ్చే రంగంలో బుచ్చిరాజు గారు శక్తికొద్దీ అందుకున్నారు. వెనక నూకాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసేసింది. ఆమె ఏడుపు పందిరంతా వినిపించింది. ఎవరూ తిరిగి చూడలేదు. ఎవరి కళ్ళు వాళ్ళు తుడుచుకుంటున్నారు.

చాలాసేపటికి ఆవిడ ముక్కు చీదుకుని, ముందుకు వంగి, బుచ్చిరాజు గారి భుజం తట్టింది.

"మీరింక ఆపండి బాబూ. ఆయమ్మ ఏమంటందో వినపడట్లేదు."