ఐదు వేళ్ల ఆకు

నా చిన్నప్పుడు, చెట్టును నరికితే వచ్చే చప్పుడు, మనిషిని కొడితే వచ్చే చప్పుడు ఒకే పొద్దున విన్నాను. చెట్టు మీద గొడ్డలి పడితే తోటంతా మోగుతుంది. మనిషి మీద కర్ర పడితే పక్కన ఉన్నవాళ్లకే వినిపిస్తుంది. ఆ రోజు పక్కన ఉన్నది నేనే.

మా నాన్న సూరత్‌లో మగ్గాల మీద పనిచేసేవాడు. మగ్గాల దుమ్ముకు దగ్గు పట్టిన మా తాత ఆ పని వదిలి, ఊరి బయట ఉన్ అనే పల్లె దాటాక ఒక గుజరాతీ కుటుంబం తోటలో మాలీగా చేరాడు. మా గదిలో చోటు చాలక నన్ను ఆయన దగ్గర ఉంచారు. అది పండ్ల తోట కాదు, కలప తోట కాదు. ఆ ఇంటి పెద్ద సేఠ్ బతికున్నప్పుడు ఎక్కడెక్కడి నుంచో మొక్కలు తెప్పించి, ఊరికే చూసుకోవడానికి పెంచిన చెట్లు. ఒక్కో చెట్టుకు ఒక రేకు బిళ్ల, బిళ్ల మీద నంబరు. మా తాతకు చదువు రాదు, కానీ ఏ చెట్టుది ఏ నంబరో నిద్రలో అడిగినా చెప్పేవాడు.

పెద్ద సేఠ్ పోయాక ఆయన భార్య బొంబాయిలో ఉండేది. మేము సేఠాణి అనేవాళ్లం. నెలకో ఉత్తరం రాసేది. ఏడో నంబరు పూసిందా, వెనక గోడ కట్టించారా, బంగళా పెంకులు కారుతున్నాయా అని అన్నీ అడిగేది. గుమాస్తాను అక్కడ మెహతాజీ అంటారు. ఆయన చదివి వినిపిస్తే మా తాత వచ్చీరాని గుజరాతీలో జవాబు చెప్పేవాడు. మెహతాజీ రాసేవాడు. కింద మా తాత వేలిముద్ర వేసి, ఏ చెట్టు గురించి చెప్పాడో ఆ చెట్టు ఆకు ఒకటి తెంపి కవరులో పెట్టేవాడు. రాసింది మెహతాజీ మాట, ఆకు నా మాట అనేవాడు. "ముసలోడు సేఠాణికి మేత పంపుతున్నాడు" అని మెహతాజీ నవ్వేవాడు. మా తాత కూడా నవ్వేవాడు కానీ ఆకు పెట్టడం మానలేదు.

ఆ చెట్లలో పందొమ్మిదోది, అక్కడివాళ్లు గోరఖ్ ఆమ్లీ అనే చెట్టు. ఏనుగు కాళ్లంత మొదలు, చాపిన అరచేతిలాగా ఐదు వేళ్ల ఆకు. అలాంటిది తోటలో అదొక్కటే. పెళ్లైన ఏడాది పెద్ద సేఠ్ తన చేతులతో నాటాడట. ఎండాకాలమంతా మోడులా నిలబడి, వానలు పడగానే చిగురు వేసేది.

పెద్ద సేఠ్ తమ్ముడి కొడుకు ఒకడు బంగళాలో ఉండేవాడు. చిన్న సేఠ్ అనేవాళ్లం. ముందు వరుస చెట్లు తీసేస్తే అక్కడ మిల్లు షెడ్డు వేయొచ్చని అతని ఆశ. బతికున్న చెట్టు ఒక్కటి కూడా కొట్టడానికి వీల్లేదని సేఠాణి మాట.

వానలు మొదలైన వారానికి, ఒక పొద్దున అతను గొడ్డళ్లతో నలుగురిని వెంటబెట్టుకొని వచ్చాడు. అడగలేదు, చెప్పలేదు. పదిహేడో నంబరు చెట్టు మొదలు మీద దెబ్బ పడింది. మా తాత పరుగెత్తుకొని వెళ్లి చెట్టును కౌగిలించుకున్నాడు. జుట్టు పట్టి ఈడ్చారు. మళ్లీ వెళ్లాడు. ఈసారి గొడ్డలి కర్ర తిప్పి మోచేతి మీద కొట్టారు. ఆ చెయ్యి అలా వేలాడిపోయింది. ఆయన చూస్తుండగానే చెట్టు కూలింది. గూళ్లలోంచి పడ్డ పిట్ట పిల్లల్ని వాళ్లు చూసుకోకుండానే తొక్కారు. నేను అరుస్తుంటే ఒకడు నా నోరు మూశాడు. వాడి చెయ్యి కొరికాను. నా చెంప పగిలింది.

తర్వాత మెహతాజీ కాగితం తెచ్చి చదివాడు. ముందు వరుస చెట్లన్నీ చెదలు పట్టి చచ్చాయని, పందొమ్మిదోది కూడా ఎండిపోయిందని, మనుషుల మీద పడకముందే కొట్టించమని మాలీయే చెబుతున్నట్టు రాసి ఉంది. మా తాత పిడికిలి బిగించాడు. ఇద్దరు ఆయన వీపు మీద కూర్చున్నారు. మూడోవాడు వేళ్లు ఒక్కొక్కటే బలవంతంగా విప్పి, బొటనవేలు సిరాలో ముంచి కాగితం మీద నొక్కాడు.

"ఆకు లేకుంటే ఆవిడ నమ్మదు సేఠ్" అన్నాడు మెహతాజీ.

"మా పెద్దమ్మ ఏమన్నా మేకా?" అని చిన్న సేఠ్ నవ్వాడు. నావైపు తిరిగి, "ఏయ్ పిల్లా, ఒక ఆకు తే. లేకుంటే ముసలోడి రెండో చెయ్యి కూడా పోతుంది" అన్నాడు.

నా కాళ్ల దగ్గర ఏదో ఎండుటాకు ఉంటే తీసి ఇవ్వబోయాను. మా తాత మట్టిలోంచి తల ఎత్తాడు. పళ్ల నిండా నెత్తురు. మన భాషలో అన్నాడు.

"అది గాదు బిడ్డా. పందొమ్మిదోది తే. కొసకున్న లేతది తెంపుకరా."

తెలుగు రాని చిన్న సేఠ్ తనను తిడుతున్నాడనుకొని డొక్కలో తన్నాడు. నేను ఏడుస్తూ గొడ్డళ్ల మధ్య నుంచి ఉరికి, కొమ్మ వంచి, అప్పుడే విచ్చుకున్న చిగురు తెంపుకొచ్చాను. చిన్న సేఠ్ దాన్ని చూడను కూడా చూడలేదు. కాగితంలో మడిచి, తనే కవరు అంటించాడు. సేఠాణి జవాబు రాగానే మిగతావి కొడదామని గొడ్డళ్లవాళ్లను పంపేశాడు.

నాకు మా తాత మీద కోపం వచ్చింది. భయపడి లొంగిపోయాడని, పైగా మంచి ఆకు కావాలని ఏరి మరీ తెప్పించాడని అనుకున్నాను. వెదురుబద్దలతో కట్టిన చెయ్యితో ఆయన తినలేకపోతే గంజి నేనే తాగించాను. కానీ మాట్లాడలేదు. ఎనిమిది రోజులు మాట్లాడలేదు. ఆయన కూడా ఏమీ చెప్పలేదు. చిన్నపిల్లను, ఎక్కడ నోరు జారుతానో అనుకొని ఉంటాడు.

తొమ్మిదో రోజు జవాబు రాలేదు. సేఠాణే వచ్చింది. కారు దిగి, చిన్న సేఠ్ ఎదురొచ్చినా ఆగకుండా, బురదలో నేరుగా పందొమ్మిదో చెట్టు కిందికి నడిచింది. సంచిలోంచి ఒక పుస్తకం తీసి, అందులోంచి ఆకు తీసి, కొమ్మ మీది చిగురు పక్కన పెట్టి చూసింది.

"చచ్చిన చెట్టు నాకు చిగురు పంపింది" అంది. అప్పటికే మెహతాజీ బంగళా వెనక్కి తప్పుకున్నాడు. ఆమె మా తాత చెయ్యి చూసింది. గోరు సందులో సిరా ఇంకా పోలేదు. ఆ పూటే చిన్న సేఠ్ సామాను గేటు బయట పడింది.

నేను మా తాత పక్కకు పోయి నిలబడ్డాను. "ఇగ మాట్లాడుతవా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

పదిహేడో చెట్టు తిరిగి రాలేదు. మా తాత మోచెయ్యి మళ్లీ నిటారు కాలేదు. పందొమ్మిదోది మాత్రం ఉంది. మొన్న వానాకాలం నేనిప్పుడుండే నవాగామ్ నుంచి ఆటోలో వెళ్లి, గోడ బయటి నుంచి చూసి వచ్చాను.

అరవై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. ఎవరు ఏ కాగితం పెట్టినా మాట మాట కూడబలుక్కొని చదివే సంతకం చేస్తాను. నా వెనక లైనులో నిలబడ్డవాళ్లు "జర జల్ది, అవ్వా" అని గొణిగినా సరే. కానీ ఆ రోజు నేర్చుకున్నది అది కాదు. దెబ్బలు తిని తల వంచిన మనిషిని చూసినప్పుడు, ఓడిపోయాడని నేను తొందరపడి అనుకోను. దగ్గరికి పోయి, వంగి, ఏ ఆకు తెమ్మంటున్నాడో వింటాను.