హారతి పళ్ళెం పట్టుకున్న చేయి

ఒక హారతి పళ్ళెం ఎంత బరువుంటుంది? అరచేతిలో ఇమిడే ఇత్తడి పళ్ళెం. ముప్పై ఏళ్లు దాటింది, అది నా చేతిలోనే ఉంది. రోజూ పూజ అయ్యాక కింద పెడతాను. పెట్టినట్టుండదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మీరు నాకు ముఖం తెలియనివాళ్లు కాబట్టి చెప్పగలుగుతున్నాను.

మాది చింతామణి. చిన్నప్పుడు మూర్ఛలు వచ్చేవని నన్ను బడికి పంపలేదు. చదువు చెప్పింది మా అన్న. తెలుగూ కన్నడమూ పలక మీద నేర్పాడు. ఇంగ్లీషు మాత్రం ఒక రాక్ పాటల రికార్డు అట్ట మీద. బెంగళూరులో చదువుకునేటప్పుడు కొనుక్కున్న ఆ ఒక్క ప్లేటంటే, ఇంట్లో దాన్ని ప్లేటనే అనేవాళ్లం, ఆయనకు ప్రాణం. అట్ట వెనక పాటల మాటలన్నీ అచ్చువేసి ఉండేవి. అన్న తిరిగే ప్లేటు మీద సూది పెట్టేవాడు. నేను వేలు ఆనించి ఒక్కో మాట వెంట పోయేదాన్ని. పాట నన్ను దాటి ముందుకెళ్లిపోయిన చోటల్లా పెన్సిలుతో చుక్క పెట్టేదాన్ని. ఈ రోజు మందు సీసా మీద ఏముందో ఒకరిని అడగకుండా చదువుకుంటున్నానంటే ఆ చుక్కల వల్లనే. బడికి పోలేని నా కోసం దేవుడు బడినే ఇంటికి పంపాడని ఇప్పటికీ దండం పెట్టుకుంటాను. ఆ ప్లేటును నేనేం చేశానో వినండి.

అన్నకు పెళ్లయింది. వదిన నవ్వుల మనిషి. సాయంత్రాలు అన్న ఆ పాటల అర్థం వదినకు చెప్పేవాడు, నేను కూర్చుని నేర్చుకున్న అదే బెంచీ మీద. నన్ను ఎవరూ పొమ్మనలేదు. రమ్మనీ అనలేదు. దీపం పెట్టే వేళ ఈ గోలేమిటని నాలో నేను విసుక్కునేదాన్ని. అప్పుడు నేను బాధపడింది నిజంగా దేవుడి తరఫునేనా? కాదు. దేవుణ్ణి అడ్డం పెట్టుకున్నాను, అంతే. ఒక రోజు పాత పేపర్లవాడు వచ్చాడు. కట్ట మధ్యలో ప్లేటును అట్టతో సహా దూర్చి, దారం నేనే బిగించి ఇచ్చాను.

ఆ సాయంత్రం అన్న ఇల్లంతా వెతికాడు. ముందు రోజే వదిన తమాషాకు, "ఈ ప్లేటును వేన్నీళ్లలో ముంచి వంచితే తులసి మొక్కకు బలే తొట్టి అవుతాది" అంది. అప్పుడు అందరం నవ్వాం. ఇప్పుడు అందరికీ ఆ మాటే గుర్తొచ్చింది.

ఇంట్లో వస్తువు పోతే కర్పూరం ఆర్పడం మా ఆనవాయితీ. వెలిగే కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, నేను తీయలేదని చెప్పాలి. పళ్ళెం పట్టుకునేది నేను. రోజూ దీపం పెట్టే పిల్లను కదా. నాన్న ఆర్పాడు. అమ్మ ఆర్పింది. ఒక్కొక్కరికీ కొత్త బిళ్ల పెట్టి వెలిగించాను. వెళ్లి వదిన ముందు నిలబడ్డాను.

వదిన చేయి చాపలేదు.

"ఆర్పమ్మా, దాంట్లో ఏముండాది?" అంది అమ్మ.

"నేను తీయలేదత్తా. ఆర్పేది మాత్రం వద్దు."

"తీయకుంటే ఎందుకు భయపడతాండావు?" అన్నాడు అన్న. "తొట్టి యాడ పెట్టినావో చెప్పు. మొక్కన్నా చూసుకుంటా."

కర్పూరం కాలి కాలి తనంతట తానే ఆరిపోయింది. పళ్ళెం వేడికి నా వేళ్లు చురుక్కుమన్నాయి. వదల్లేదు. పళ్ళెం పట్టుకున్న నన్ను ఆర్పమని ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేను అబద్ధమాడలేదు. ఈ ఒక్క మాటతో ఎన్నేళ్లు సరిపెట్టుకున్నానో!

మూడు వారాలకు వదిన నెల తప్పిందని తెలిసింది. కడుపుతో ఉన్నవాళ్లు ఇలా ఒట్టు పెట్టకూడదని వదిన పుట్టింటి పట్టింపు. బిడ్డ సంగతి ఇంకా బయటికి చెప్పలేక ఆమె దొంగ అయింది. అప్పుడైనా నేను నోరు తెరవచ్చు కదా? తెరవలేదు. పట్టింపు సంగతి విన్నా, అది సాకేనని అన్న అనుకున్నాడు. పాటలు వినడం మానేశాడు. చుట్టాల ముందు, "మా ఇంట్లో ఏదీ దాచుకొనేదానికి లేదప్పా, తొట్లయిపోతాయి" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. వదిన లేచి నీళ్లు తెచ్చేది.

పోయిన నెల పొలం పహణీ కాగితం కోసం చిక్కబళ్ళాపురం వెళ్లాను. ఆఫీసులో మధ్యాహ్నం మళ్లీ రమ్మన్నారు. ఆఫీసు ఎదురుగా పాత రేడియోలు, గడియారాలు అమ్మే అంగడి. గుమ్మం దగ్గర పెట్టెలో ఆ అట్ట. తిప్పి చూశాను. పెన్సిలు చుక్కలు. నావే.

"ఇది ఆడుతుందా అప్పా?"

"పెడతా వినండమ్మా. ఇప్పుడు మళ్లా పిల్లోళ్లు వీటినే వెతుక్కుంటా వస్తాండారు."

చిన్నప్పుడు నేను మాటల వెంట పరుగెత్తానే గాని పాట వినలేదని అప్పుడు తెలిసింది. గోల కాదది. మా భజనలో ఒక పెద్దాయన గొంతు జీరపోయేదాకా స్వామిని పిలుస్తాడు. ఈ పాడేవాడూ అలాగే ఎవరినో పిలుస్తున్నాడు, వాళ్లు పలకరని తెలిసీ. గుమ్మం పట్టుకుని నిలబడ్డాను. ప్లేటును నా చేతికి మళ్లీ చేర్చినందుకు దేవుడికి దండం పెట్టాను. పెట్టాక సిగ్గేసింది. ఇది వరమా, కోర్టు సమనా?

ప్లేటు కొనుక్కుని, మరుసటి రోజు దాంతో బాగేపల్లి బస్సెక్కాను. అన్నా వదినా ఇప్పుడు అక్కడే ఉంటారు. ఇద్దరినీ కూర్చోబెట్టి, పేపర్ల కట్ట దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. అన్న అట్ట తీసుకుని చుక్కల మీద వేలు ఆనించాడు. వదిన నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు నా ముందర కర్పూరం అంటించింది నువ్వే కదమ్మా" అంది.

లేచి లోపలికి పోయింది. మళ్లీ బయటికి రాలేదు.

క్షమించమని నేను అడగలేదు. అడిగితే, ఆమె చేత మళ్లీ కర్పూరం ఆర్పించాలని చూసినట్టే కదా.

ఇంటికొచ్చి దీపం పెట్టాను. కర్పూరం వెలిగించి, పళ్ళెం నేల మీద పెట్టి, అరచేత్తో ఆర్పాను. తీసింది నేనే, అన్నాను. చెయ్యి కాలింది. పళ్ళెం మాత్రం కిందే ఉంది.