తనంతట తానే పంపే కార్డు

ఆసుపత్రిలో అందరూ ఆయన్ని ఫోటోల బాబాయ్ అనేవారు. కాలిన గాయాల వార్డులో గాయాలకు ఫోటోలు తీయడం ఆయన పని. వారానికోసారి అదే వెలుతురులో, అదే దూరం నుంచి, పక్కన చిన్న స్కేలు పెట్టి తీస్తే, గాయం మానుతోందో మొండికేస్తోందో డాక్టర్లు పోల్చి చూసుకుంటారు. అంతకుముందు ఆయనకు సొంత స్టూడియో ఉండేది. ప్రతివాడి జేబులోకీ కెమెరా ఫోను వచ్చాక కొన్నాళ్ళు ఈగలు తోలుకుని, చివరికి షట్టరు దించేశాడు. వార్డులో చేరిన మొదటిరోజు అలవాటైన నోరు ఊరుకోక, చెయ్యి కాలిన మనిషితో "కొంచెం నవ్వండి" అనేశాడు. ఆ మనిషి నిజంగానే నవ్వాడు. బాబాయ్ మాత్రం ఆ రోజంతా ఎవరి మొహమూ చూడలేకపోయాడు.

ఇంట్లో ఈ పని ఊసెత్తేవాడు కాదు. భార్య అడిగితే "ఆసుపత్రి ఫోటోలు" అని మాట దాటేసేవాడు. ఆవిడ ముందుగదిలో మిషను పెట్టుకుని ఆడవాళ్ళకు బట్టలు కుడుతుంది. మొగుడు అక్కడ గుర్తింపు కార్డులకు మొహాలు తీస్తున్నాడని ఆవిడ అనుకునేది.

ఒకరోజు డాక్టరమ్మ కొత్త మెమరీ కార్డు తెప్పించింది. చూడటానికి మామూలుదే, బొటనవేలి గోరంత. లోపల వైఫై ఉందట. ఫోటో తీయగానే వైరూ గియిరూ లేకుండా వార్డు కంప్యూటర్లోకి అదే పంపేస్తుందట.

"కార్డు పీకడాలు, మళ్ళీ గ్లవ్స్ మార్చుకోవడాలు అన్నీ తప్పుతాయి బాబాయ్," అంది.

"కంటికి కనబడకుండా పోయేది ఎక్కడికి పోయిందో ఎలా తెలుస్తుందమ్మా?"

నర్సులందరూ నవ్వారు. బాబాయ్‌ది పుట్టుభయం. తాళం వేసిన తలుపును నాలుగుసార్లు లాగి చూసే రకం.

కూతురు సెలవురోజున వచ్చి ఆ కార్డు వాడటం నేర్పింది. ముందు ఇంటి వైఫైకి కలిపి, తన పాపను ఫోటో తీసింది. చిటికెలో అది మిషను పక్కనున్న టాబ్లెట్‌లో ప్రత్యక్షమైంది. ఆ టాబ్లెట్ కూతురిదే, పాతది. దారపు ఉండల డబ్బాకు ఆనించి ఉంటే, మనవరాలి ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చిపోతుంటాయి. తర్వాత వార్డు వైఫైని కూడా కార్డుకు పరిచయం చేశారు. పాత పరిచయం తీసేయాలని ఎవరికీ తట్టలేదు.

ఆ వార్డుకే ఒక సంగీతం టీచరు వచ్చేది. మరిగే నూనె చింది దవడ నుంచి మెడ దాకా కాలింది. తొడ మీది చర్మం తీసి మెడకు కుట్టారు. ఆవిడ ఫోటోలకు ఒక షరతు మీద ఒప్పుకుంది.

"డాక్టర్లు తప్ప ఇంకెవరూ చూడకూడదు. మా అమ్మాయిక్కూడా చూపించలేదు. నేనే అద్దం చూసుకోవడం లేదు."

"నాది పూచీ టీచరుగారూ," అన్నాడు బాబాయ్. "నేనేం తీస్తానో మా ఇంట్లోవాళ్ళకే తెలీదు."

ఆ వారం ఆవిడ వచ్చిన రోజు పొద్దున్నుంచీ వార్డులో వైఫై లేదు. తీసిన ఫోటోలు ఎటూ పోక కార్డులోనే ఉండిపోయాయి. ఫోటోల గది తాళం కూడా పాడైందని, కెమెరా ఇంటికి తీసుకెళ్ళమంది డాక్టరమ్మ. సాయంత్రం ఇంటికొచ్చి, బ్యాటరీ ఎంతుందో చూద్దామని కెమెరా ఆన్ చేశాడు. ఆపకుండానే చార్జింగ్‌కి పెట్టి, వీధి చివర సెలూన్‌కి వెళ్ళాడు.

మంగలి నురగ పట్టించి ఒక చెంప పూర్తిచేశాడు. కత్తితో పాటు నోరూ ఆడుతోంది.

"మా తమ్ముడి కథ విన్నావా బాబాయ్? ఆఫీసు పనని చెప్పి ఫ్రెండ్స్‌తో సముద్రానికి పోయాడు. ఇంట్లో అడుగుపెట్టాడో లేదో, ఫోన్లో ఫోటోలన్నీ వాటంతటవే టీవీలో పడ్డాయి! ఇంటి వైఫై దొరికితే చాలట, గంగిగోవులా పాలన్నీ కార్చేస్తుందట. మా మరదలు..."

మరదలు ఏం చేసిందో బాబాయ్ వినలేదు. ఇంటి వైఫై. కెమెరా ఆపకుండా వచ్చాడు. లేచి నిలబడ్డాడు.

"బాబాయ్! మెడ మీద కత్తుంది!"

మెడకు కట్టిన గుడ్డతోనే రోడ్డెక్కాడు. భార్యకు ఫోను చేశాడు. మోగుతోంది, ఎత్తడం లేదు. మిషను చప్పుడులో ఆవిడకు పిడుగు పడ్డా వినపడదు. సాయంత్రమంటే కొలతలివ్వడానికీ, కుట్టినవి పట్టుకుపోవడానికీ ఆడవాళ్ళు వచ్చే వేళ. వాళ్ళలో ఎవరి పిల్లయినా ఆ టీచరు దగ్గర పాట నేర్చుకుంటూ ఉంటే? ఒక్కరు గుర్తుపట్టినా చాలు, ఊరంతా డప్పే. దారిలో ఎవరో పలకరిస్తే, వాళ్ళు కూడా చూసేశారేమో అన్నట్టు బెదిరి చూశాడు.

ముందుగదిలో ఒకావిడ చేతులు చాపి నిలబడి ఉంది. భార్య టేపుతో భుజాలు కొలుస్తోంది. టాబ్లెట్ మీద లైనింగ్ గుడ్డ ముక్క కప్పి ఉంది.

"ఏంటి బాబాయిగారూ, సగం గడ్డం దారిలో పారేసుకున్నారా?" అని నవ్వింది ఆవిడ.

బాబాయ్ లోపలికి వెళ్ళి కెమెరా ఆపి, కార్డు పీకి గుప్పిట్లో పట్టుకున్నాడు. ఆవిడ వెళ్ళేదాకా అలాగే నిలబడ్డాడు.

"ఆవిడ చూసిందా?"

"నాకేం తెలుసండీ? గుడ్డ కత్తిరించుకుంటూ తలెత్తేసరికి, పాప ఫోటో తర్వాత ఎవరిదో మెడ. గుండె ఆగినంత పనైంది. చేతికందిన గుడ్డ కప్పేశాను. ఆవిడ కిటికీ వైపు తిరిగి ఉంది. చూశావా అని అడిగితే, చూడనిదాన్ని చూడమన్నట్టేగా?" టేపు వేలికి చుట్టుకుంది. "రోజూ ఇవేనా మీరు తీసేది?"

తలూపాడు.

"అన్నం దగ్గర కూర్చుని మాటాపలుకూ లేకుండా ఉండిపోయేవారు. నా చేతి వంట నచ్చట్లేదేమో అనుకునేదాన్ని, ఇన్నేళ్ళూ."

టాబ్లెట్‌లోని ఆ ఫోటోలన్నీ చెరిపేశాడు. చెరిపిన తర్వాత కూడా ఎక్కడో దాక్కున్నాయేమోనని మళ్ళీ మళ్ళీ వెతికాడు.

పొద్దున్నే డాక్టరమ్మకు చెప్పాడు. ఆవిడ కార్డు తీసుకుని డ్రాయర్లో పడేసి, "ఇంటి వైఫై తీసేశారో లేదో చూసుకోవాల్సింది నేను," అని తలపట్టుకుంది. "టీచరుగారికి నేను చెప్తాలే."

"మాటిచ్చింది నేనమ్మా."

టీచరు మళ్ళీ వార్డుకు వచ్చినప్పుడు, మెడకు చుట్టుకున్న స్కార్ఫ్ అంచు పట్టుకుని అంతా విన్నది.

"ఎవరు చూశారు?"

"మా ఆవిడ. ఇంకొకావిడ కూడా గదిలో ఉంది. ఆవిడ చూసిందో లేదో తెలీదు."

"తెలీదంటే?"

చూడలేదని ఒక్క మాట అనేస్తే ఇద్దరికీ తేలికయ్యేది. ఆ మాట నాలుక దాకా వచ్చింది. "తెలీదమ్మా," అన్నాడు మళ్ళీ.

"మీరింక నా దగ్గరికి రాకండి."

తర్వాత ఆవిడ వస్తే నర్సు తీసేది, మామూలు కార్డుతో. ఆవిడ గొంతు వినబడితే బాబాయ్ గది తలుపు చేరవేసుకునేవాడు. ఇంటి దగ్గరా నెమ్మది లేదు. కొలతలిచ్చిన ఆవిడ బట్టల కోసం వచ్చినప్పుడు, వంటింటి తలుపు చాటునుంచి ఆవిడ మొహమే చూస్తూ నిలబడ్డాడు. టాబ్లెట్ అప్పటికే బీరువాలోకి చేరింది.

"మనవరాలి ఫోటోలు తీసేశారేంటి?" అని అడిగింది ఆవిడ.

బాబాయ్ తలుపు వెనక్కి జరిగాడు. ఊరికే అడిగిందా, తెలిసి అడిగిందా? "పాడైందండీ," అంది భార్య, గుండీ కుడుతూ. ఆవిడ బట్టలు తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సంగతి ఆయనకు ఎప్పటికీ తేలలేదు.

కొన్ని వారాల తర్వాత టీచరే వచ్చి ఆయన తలుపు తట్టింది.

"ఆ నర్సమ్మ ఫోటోల్లో మచ్చ ఒకసారి ఎర్రగా, ఒకసారి నల్లగా ఉంటోందట. దేంతో పోల్చాలో తెలియక డాక్టరమ్మ తిట్టుకుంటోంది. మీరే తీయండి. కానీ తీశాక ఆ కార్డు నా చేతికివ్వాలి. డాక్టరమ్మకి నేనే ఇస్తాను."

"అలాగేనమ్మా."

ఆవిడ స్కార్ఫ్ తీసింది. ఆయన కెమెరాను స్టాండుకు బిగించాడు. తీయడం అయ్యాక కార్డు ఇవ్వబోతే, "ఆగండి, చూపించండి," అంది. వెనక తెరమీద తన మెడను చాలాసేపు చూసింది.

"చెవి కింద ఇంకా ఎర్రగానే ఉంది," అంది చివరికి, అంతే. కార్డు గుప్పిట్లో పెట్టుకుని వరండా వెంట నడిచి వెళ్ళింది. ఆవిడ మలుపు తిరిగాక కూడా బాబాయ్ గుమ్మంలోనే ఉన్నాడు. కార్డు అందిందని డాక్టరమ్మ గదినుంచి ఫోను వచ్చాకే కుర్చీలో కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో, ఎవరూ అడగకుండానే, "ఇవాళ ఒకావిడ వచ్చింది," అని మొదలుపెట్టాడు. పేరు చెప్పలేదు, ఏం పని చేస్తుందో చెప్పలేదు. భార్య మిషను ఆపి, కుర్చీ ఇటు తిప్పుకుంది.