రెండో డిస్కు ముందు పెట్టిన మధ్యాహ్నం

మొన్న పలాస స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటే, పక్క బెంచీ మీద ఇద్దరు అన్నదమ్ములు ఒకే నింజా సినిమాని రెండు ఫోన్లలో, ఎవరి చెవుల్లో తీగలు వాళ్ళు పెట్టుకుని చూస్తున్నారు. నల్లగుడ్డలోంచి కళ్ళు మాత్రమే కనిపించే ఆ మనుషుల్ని చూడగానే భావనపాడులోని మా మేనమామ గుర్తొచ్చాడు. మన వయసువాళ్ళయితే నవ్వరన్న ధైర్యంతో రాస్తున్నాను.

అప్పుడు నేను టెక్కలిలో ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదువుతున్నాను. చేపలు గుడ్లు పెట్టే కాలమని వేసవిలో వేట ఆపేస్తే, పడవలన్నీ ఒడ్డెక్కేవి, మగవాళ్ళు మధ్యాహ్నాలు తాటాకు పాకలో కూర్చుని చిరిగిన వలలు బాగుచేసుకునేవారు. ఆ పాకలోకి మావయ్య టీవీనీ, నేను మరమ్మతు చేసిన సీడీ ప్లేయర్నీ మోసుకెళ్ళి, టెక్కలి నుంచి తెచ్చిన నింజా సినిమాలు వేసేవాణ్ణి. అందుకే అక్కడ నన్ను ఇంజినీరు అనేవారు. నా నోటుబుక్కులో ఒక్కో సినిమాకి ఒక్కో వరుస: పేరు, ఎన్ని డిస్కులు, ఎన్నో నిమిషంలో బొమ్మ ఆగిపోతుంది, ఎన్ని కొట్లాటలు, పాకలో ఎవరేమన్నారు. ఆ చివరి గడే ఇప్పటికీ నాకిష్టం. నింజా నీళ్ళ మీద నడిస్తే ఎవరూ ఆశ్చర్యపోలేదు గాని, గోడెక్కే తాడుకి వాడు వేసిన ముడి చూసి, తడిస్తే జారిపోద్దని పాకంతా నవ్వింది.

చేతులూ కళ్ళూ వలలో ఉంటాయి కనక కథ చెప్పడానికి ఒకరు కావాలి. ఆ పని మావయ్యది. పడవకీ గట్టుకీ మధ్య కాలు నలిగి రెండేళ్ళుగా వేటకి పోలేని మనిషి. ఆయన మాటకి నలుగురూ చెవి పెట్టే చోటు ఇక ఆ పాక ఒక్కటే. సినిమా భాష ఆయనకీ తెలియదు. తెరకేసి చూస్తూ తెలిసినట్టే చెప్పేవాడు.

ఒక రోజు సినిమా మొదలైన కాసేపటికే దుర్మార్గుడు గురువుని చంపాడు, డిస్కు చివర శిష్యుడు దుర్మార్గుణ్ణి చంపాడు. మావయ్య గొంతు తగ్గించి గురువు చావు చెబుతుంటే వల అల్లే చేతులు కూడా ఆగాయి. డిస్కు మార్చబోయి చూద్దును కదా, ప్లేయర్లోంచి తీసింది రెండోది. ఇప్పుడు నోరు విప్పితే ఆయన గంటసేపు చెప్పిన కథంతా తలకిందులని నేనే చాటినట్టు. మాట్లాడకుండా ఒకటోది పెట్టాను. పది నిమిషాల్లో గురువు నవ్వుతూ వచ్చి భోజనానికి కూర్చున్నాడు.

"ఏటి మావా, సచ్చిపోనాడన్నావు, అన్నం తింతన్నాడు?" అన్నాడు వల అవతల నుంచి ఒకాయన.

"కాలుతోపాటు కళ్ళూ పోనాయేటి?" అని పక్కాయన అందుకున్నాడు.

మావయ్య మాత్రం తెర మీంచి చూపు తిప్పలేదు.

"ఎర్రోడా, సచ్చినట్టు పడుకోడమే నింజాగోడి ఇద్దె. ఆణ్ణి సంపినోణ్ణి సూడు, ఆడూ లెగిసొచ్చీసినాడు. ఆడూ నింజాయే మరి!"

పాక ఒప్పుకుంది. వలలు మళ్ళీ కదిలాయి.

సాయంత్రం టీవీ మోసుకుని వస్తుంటే, మావయ్య నా పక్కన కుంటుతూ నడుస్తూ నెమ్మదిగా అన్నాడు: "పేర్లు సినిమా మజ్జిన పడతాయేటి, అల్లుడా? రేపు నంబరు సూసి ఎట్టు."

ఆయన పరువు నేను కాపాడాననుకున్నాను అప్పటిదాకా. ఆయన తన మాటనే పణంగా పెట్టి ఇంజినీరుని కాపాడాడు. నోటుబుక్కులో ఆ వరుస చివర 'తప్పు నాది' అని రాసుకున్నాను, ఆయనకి చూపించలేకపోయాను.

మావయ్య పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు డిస్కులు లేవు, కథ ముందు వెనకలయ్యే వీలూ లేదు. నింజాలు తెలుగులోనే మాట్లాడుతున్నారు, ఎవరి కథ వాళ్ళ చెవుల్లోనే. మొన్న స్టేషన్లో ఆ ఫోను తెర మీద కూడా గురువు పడిపోయాడు. రైలు వచ్చేదాకా పక్క నుంచి చూస్తూనే ఉన్నాను. లేవలేదు.