నాగయ్యకు చెప్పని మాట

పదకొండేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. అది నాది కాదు, ఒకరికి చెప్పమని నాకిచ్చినది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

అప్పుడు సత్తెనపల్లి దగ్గర పత్తి మిల్లులో సూపర్‌వైజర్‌ని. నాగయ్య మా ఫిట్టరు. గంట కొట్టకముందే వచ్చి, మిషన్ల మధ్య తిరుగుతూ, చప్పుడు విని ఏ బేరింగు పోబోతోందో చెప్పేవాడు. దసరా నాడు, ఆ ఏడాది మిషన్లను బాగా చూసుకున్న మనిషి చేత వాటికి మొదటి బొట్టు పెట్టించడం మా మిల్లు ఆనవాయితీ. ఓనరు గారు ఊరెళుతూ నన్ను పిలిచి, "ఈసారి నాగయ్య చేత పెట్టించు. ఈ మిల్లు మోటార్ల మీద కాదు, వాడి చెవుల మీద నడుస్తోందని నా మాటగా చెప్పు" అన్నారు.

చెప్పలేదు. బొట్టు నేనే పెట్టాను. ఎందుకు? డిగ్రీ చదివిన నన్ను ఆయన ఒక్కసారీ అలా మెచ్చుకోలేదన్న కుళ్లు, అంతే. ఆయన తిరిగొచ్చి అడిగితే, సిగ్గుపడి వద్దన్నాడండీ అని చెప్పాను. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు.

నాగయ్య ఒక్కరోజులో మారలేదు. మెల్లగా గంటకు రావడం మొదలుపెట్టాడు. తర్వాత చెప్పిన పనే చేసేవాడు. నేను మేనేజర్నయ్యాక, పనిలో మనసు పెట్టడం ఎలాగో చెప్పడానికి విజయవాడ నుంచి ఒకాయన్ని పిలిపించాను. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కూడా కొట్టాను, సిగ్గులేకుండా. నాగయ్య వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

పని మానేసే రోజున నా గదికొచ్చాడు.

"ఒకటడగనా సార్? పెద్దాయన నా పని గురించి ఎప్పుడన్నా ఏందన్నా అన్నాడా?"

ఓనరు గారు పోయి అప్పటికి ఏడాది. నిజం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. అప్పుడైనా చెప్పవచ్చుగా?

"గుర్తులేదు నాగయ్యా."

"అంతేలే సార్. నేనే చానా ఊహించుకున్నా."

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఇప్పుడు మిల్లులో అందరూ గంటకొస్తారు, గంటకు పోతారు. మిషన్ తేడాగా మోగుతున్నా నాకెవరూ చెప్పరు. పిలిస్తే తప్ప నా గదిలోకి రారు. అన్నం ఒక్కణ్నే తింటాను. నాగయ్య రాజుపాలెంలోనే ఉన్నాడు. ఆ ఊరి బస్సు మా గేటు ముందే ఆగుతుంది. ఒక్కసారీ ఎక్కలేదు.

అన్నారు నాగయ్యా. మిల్లు నీ చెవుల మీద నడుస్తోందన్నారు.

రాశాక గుండె కాస్త తేలికైంది. నాగయ్య మాత్రం ఇంకా వినలేదు.